తడిసి మోపెడు: క్యాంపర్ ట్రక్కు అసలు బరువెంత?

జాన్ స్టెయిన్‌బెక్ 1960 సెప్టెంబర్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని సాగ్ హార్బర్ నుంచి అమెరికా చుట్టి రావడానికి బయల్దేరాడు. తోడు చార్లీ అనే కుక్క. బండి ఒక జీఎంసీ పికప్ ట్రక్కు, దాని వెనక తొట్టిలో ఒక బుల్లి ఇల్లు. మంచం, స్టవ్, ఫ్రిజ్ అన్నీ అందులోనే. బండికి డాన్ క్విక్సోట్ గుర్రం పేరు పెట్టుకున్నాడు, రోసినాంటె అని. ఆ ప్రయాణం మీద రాసిన 'ట్రావెల్స్ విత్ చార్లీ' 1962లో వచ్చింది, నోబెల్ బహుమతి వచ్చిన ఏడాదే.

ఆ పుస్తకం గురించి మాట్లాడేవాళ్లు కుక్క గురించి, ఒంటరితనం గురించి, మారిపోతున్న అమెరికా గురించి మాట్లాడతారు. బానే ఉంది. నాకు మాత్రం ఎప్పుడూ గుర్తొచ్చేది ఆయన ఎక్కించిన సామాను. పుస్తకాలే 150 పౌండ్లు! మన లెక్కలో 68 కిలోలు, ఒక మనిషంత బరువు. అవి కాక పనిముట్లు, తుపాకులు, మందు సీసాలు. చివరికి ఆరెగాన్ రాష్ట్రంలో, ఒక ఆదివారం, వర్షంలో, టైరు పోయింది. బరువుకి తట్టుకునే గట్టి టైర్ల కోసం ఒక సర్వీస్ స్టేషన్ మనిషి నానా తిప్పలు పడి సాయం చేశాడు కాబట్టి కథ ముందుకి నడిచింది. సాహిత్యపరంగా అది మంచి సన్నివేశమే. ఇంజనీరింగ్ పరంగా అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: బయల్దేరేముందు ఆ బండిని ఎవరైనా కాటా మీద పెట్టారా?

ముందు ఈ వస్తువేంటో చెప్పాలి. మన దగ్గర క్యాంపర్ అంటే మహీంద్రా వాళ్ల బొలేరో క్యాంపర్ గుర్తొస్తుంది, అది రెండు వరసల సీట్లున్న పికప్. నేను చెప్పేది అది కాదు. అమెరికాలో పికప్ తొట్టిలోకి వెనక నుంచి జారించి, నాలుగు మూలలా బిగించే ఇంటిని స్లైడ్-ఇన్ క్యాంపర్ అంటారు. కారు వెనక లాక్కెళ్లే ట్రెయిలర్‌కి సొంత చక్రాలుంటాయి, తన బరువులో ఎక్కువ భాగం అదే మోసుకుంటుంది. స్లైడ్-ఇన్ క్యాంపర్‌కి చక్రాల్లేవు. బరువంతా ట్రక్కు నెత్తినే, అందులోనూ దాదాపు మొత్తం వెనక ఇరుసు మీదే. ఎంఎస్‌కి వెళ్లిన సీనియర్లు నేషనల్ పార్కుల ముందు నిలబెట్టి ఫొటోలు పెడుతుంటారే, డ్రైవర్ క్యాబిన్ మీదకి ముక్కు సాచినట్టు కనిపించే బండి, అదే.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. క్యాంపర్ ఎక్కించిన ట్రక్కుని ఇరుసు ఇరుసుగా తూయకుండా హైవే ఎక్కించకూడదు. ఆ తూకం కూడా ఖాళీ ఇంటికి కాదు. నీళ్లు నింపి, గ్యాస్ పెట్టి, బట్టలు, గిన్నెలు సర్ది, వెళ్లే మనుషులందరూ సీట్లలో కూర్చున్నాక వేయాలి. ఇంకో మాట కూడా ఉంది, అది కొందరికి నచ్చదు: ఆ మొదటి తూకం చీటీ చూపించాల్సింది కొన్నవాడు కాదు, అమ్మినవాడు.

బ్రోచర్లలో 'డ్రై వెయిట్' అని ఒక అంకె ఉంటుంది. పొడి బరువు. నీళ్లు లేవు, గ్యాస్ లేదు, చాలాసార్లు అదనపు బ్యాటరీ, ఏసీ, గొడుగులా తెరుచుకునే పందిరి లాంటివి కూడా అందులో కలవవు. తెలుగులో 'తడిసి మోపెడు' అని ఎవరు కనిపెట్టారో గాని క్యాంపర్ కోసమే కనిపెట్టినట్టుంది. అమెరికన్ గ్యాలన్ నీళ్లు 3.785 లీటర్లు, అంటే దాదాపు 3.8 కిలోలు. నలభై గ్యాలన్ల ట్యాంకు నింపితే నూట యాభై కిలోలు ఒక్క పైపు తిప్పగానే ఎక్కేస్తాయి. చూడ్డానికి బండి అలాగే ఉంటుంది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. అంకెలు నేను అనుకున్నవే, ఏ కంపెనీ బండివీ కావు, కానీ ఈ తరగతి బండ్లకి దూరంగా ఉండేవి కూడా కావు. ట్రక్కు ఖాళీగా, ట్యాంకు నిండా డీజిల్‌తో, డ్రైవర్‌తో కలిపి ముందు ఇరుసు మీద 1,850 కిలోలు, వెనక 1,250. మొత్తం 3,100. డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద బండి మొత్తం బరువు ఎంత దాటకూడదో ఉంటుంది, దాన్ని జీవీడబ్ల్యూఆర్ అంటారు. మన బండికి అది 4,536 కిలోలు, అంటే పదివేల పౌండ్లు. అదే స్టిక్కర్ మీద ఒక్కో ఇరుసుకీ హద్దు ఉంటుంది, దాని పేరు జీఏడబ్ల్యూఆర్. ముందుది 2,350, వెనకది 2,900 అనుకుందాం. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 4 మీటర్లు.

క్యాంపర్ బ్రోచర్ బరువు 1,050. ట్రక్కు మోయగలిగింది 4,536 లోంచి 3,100 తీసేస్తే 1,436. కొనేవాడు హ్యాపీ. ఇంకా 386 కిలోలు మిగిలాయి కదా అనుకుంటాడు. ఇంటికి తీసుకెళ్లాక నీళ్లు 150, రెండు నిండు గ్యాస్ సిలిండర్లు 34, రెండో బ్యాటరీ 28, ఏసీ, పందిరి, జాకీలు కలిపి 120, బిగించే సరంజామా 30, తిండి, గిన్నెలు, దుప్పట్లు, పనిముట్లు 160. మొత్తం 522. క్యాంపర్ 1,572 అయ్యింది. ఇంకో ఇద్దరు మనుషులు ఎక్కితే మరో 150. బండి మొత్తం 4,822. హద్దు దాటి 286 కిలోలు. ఎవరూ ఏ తప్పూ చేసినట్టు ఉండదు, ప్రతి వస్తువూ అవసరమైనదే.

అసలు కథ ఇంకా మొదలవలేదు. ఈ 4,822 వెనక ఇరుసు మీద ఎంత పడుతుంది? ఇది మొత్తం బరువుని బట్టి తేలదు, క్యాంపర్ గరిమనాభి ఎక్కడుందో దాన్ని బట్టి తేలుతుంది. ఫస్టియర్ ఇంజనీరింగ్ మెకానిక్స్‌లో సింప్లీ సపోర్టెడ్ బీమ్ చేశాం కదా, అదే. రెండు ఇరుసులు రెండు సపోర్టులు. గరిమనాభి వెనక ఇరుసుకి 15 సెంటీమీటర్లు ముందు ఉంటే, 1,572లో 1,513 వెనక, 59 ముందు పడతాయి. మనుషుల బరువు చెరి సగం అనుకుంటే వెనక ఇరుసు 2,838. హద్దు 2,900. గట్టెక్కాం. అదే సామాను, అదే మనుషులు, కానీ బరువైనవన్నీ వెనక తలుపు దగ్గర పేర్చి, సైకిళ్లు, జనరేటర్ బంపర్ మీద కట్టడంతో గరిమనాభి ఇరుసుకి 30 సెంటీమీటర్లు వెనక్కి జరిగిందనుకోండి. అప్పుడు క్యాంపర్ వల్ల వెనక ఇరుసు మీద పడేది 1,690. క్యాంపర్ సొంత బరువు కంటే ఎక్కువ! ఆ అదనపు 118 కిలోలు ముందు ఇరుసు మీద నుంచి ఎత్తినవి. వెనక ఇరుసు 3,015, హద్దు దాటింది. ముందు ఇరుసు 1,807, అంటే ఖాళీ బండి కంటే కూడా తేలిక. స్టీరింగ్ తిప్పే చక్రాల మీద బరువు తగ్గితే రోడ్డు మీద వాటి పట్టు కూడా తగ్గుతుంది.

ఎడ్లబండి తోలినవాళ్లకి ఈ బీమ్ లెక్క చెప్పక్కర్లేదు. లోడు వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది, ఎద్దుల మెడతాళ్లు బిగుసుకుంటాయి. అందుకే బస్తాలు పేర్చేటప్పుడు కాడి మీద కాస్త భారం మిగిలేలా చూసుకుంటారు. ఎద్దు తల విదిలించి చెబుతుంది. ట్రక్కు చెప్పదు.

మొత్తం బరువు రెండు సందర్భాల్లోనూ 4,822 కిలోలే అన్నది గమనించండి. మన ఊళ్లలో పత్తి మిల్లు దగ్గరో, చెరకు ఫ్యాక్టరీ దగ్గరో ట్రాక్టర్‌ని కాటా ఎక్కించి గ్రాస్, తర్వాత ఖాళీ చేసి టేర్, రెండిటి తేడా నెట్ అని చీటీ ఇస్తారు. అక్కడ కావలసింది సరుకు ఎంత అన్నది కాబట్టి ఆ ఒక్క అంకె చాలు. క్యాంపర్ విషయంలో ఆ ఒక్క అంకె సగం నిజం. అమెరికా హైవేల పక్క ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే కాటాలుంటాయి. 1977లో మొదలైన కంపెనీ. ఆ కాటా ఒకే పలక కాదు, వరసగా విడివిడి పలకలు. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు ఇంకో పలక మీద పెట్టి నిలబెడితే చీటీలో స్టీర్ యాక్సిల్ ఒక గీత, డ్రైవ్ యాక్సిల్ ఒక గీత, ట్రెయిలర్ యాక్సిల్ ఒక గీత, కింద మొత్తం వస్తాయి. క్యాంపర్ బండికి మూడో గీత సున్నా. ఖర్చు పదిహేను డాలర్ల చుట్టూ. ఒక పిజ్జా.

ఇందులో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. క్యాంపర్ దించేసి ఒకసారి, ఎక్కించి ఒకసారి తూయండి. అదే డ్రైవర్, రెండుసార్లూ ట్యాంకు నిండా డీజిల్, మిగతావాళ్లు కిందకి దిగాలి. ముందు ఇరుసు మీద పెరిగింది 59, మొత్తం పెరిగింది 1,572 అయితే, 4 మీటర్లని 59తో గుణించి 1,572తో భాగించండి. 0.15 మీటర్లు. గరిమనాభి వెనక ఇరుసుకి ఎంత ముందుందో వచ్చేసింది. రెండు చీటీలు, ఒక కాలిక్యులేటర్. ముందు ఇరుసు తేడా మైనస్‌లో వస్తే సామాను ముందుకి జరపాలని అర్థం. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న, కాకపోతే ఇక్కడ స్టెప్ మార్కులుండవు.

ఈ ఆలోచన నాదేం కాదు, అమెరికా ఫెడరల్ నిబంధనల్లోనే ఉంది. 575.103 అనే సెక్షన్ పూర్తిగా ట్రక్కు-క్యాంపర్ లోడింగ్ గురించే. దాని ప్రకారం క్యాంపర్ మీద అంటించే లేబుల్‌లో నీళ్లు, గ్యాస్, ఫ్రిజ్ కలిపిన గరిష్ఠ బరువు ఉండాలి. అదనపు పరికరాల బరువు విడిగా చూసుకోమని కూడా అందులో రాయాలి. ట్రక్కు తయారీదారు సరుకు గరిమనాభి ఏ పరిధిలో పడాలో బొమ్మతో చూపించాలి. లోడు చేశాక కాటాకి వెళ్లి ముందు చక్రాలు, వెనక చక్రాలు విడివిడిగా తూయించుకోమనీ, ఏ ఇరుసూ తన హద్దు దాటకూడదనీ, మొత్తం జీవీడబ్ల్యూఆర్ దాటకూడదనీ యజమానికి రాతపూర్వకంగా చెప్పాలి. ఇంత బాగా రాసిన నిబంధన! కానీ అది చెప్పమంటుంది, చేసి చూపించమనదు. పుస్తకం గ్లవ్ బాక్స్‌లోకి వెళ్తుంది, బండి రోడ్డు మీదకి వెళ్తుంది.

అవతలి వాదన కూడా వినాలి, ఎందుకంటే అది పూర్తిగా చెత్త వాదన కాదు. 'ఆ పదివేల పౌండ్ల స్టిక్కర్ కాగితం అంకె, అసలు బండి ఇంకా మోస్తుంది' అంటారు. ఇందులో కొంత నిజముంది. అమెరికాలో పదివేల పౌండ్లు దాటితే వాణిజ్య వాహనాలకి వర్తించే రూల్స్ మొదలవుతాయి. అందుకని బండిలో పెద్ద మార్పేమీ లేకుండానే స్టిక్కర్ మీద పదివేలని తగ్గించి ఇచ్చే ఆప్షన్లున్నాయి. మన లెక్కలోనే చూడండి, రెండు ఇరుసుల హద్దులు కలిపితే 5,250, మొత్తం హద్దు 4,536 మాత్రమే. హాఫ్ టన్ను, వన్ టన్ను అనే పాత పేర్లకీ ఇవాళ్టి ట్రక్కు మోసే బరువుకీ సంబంధం ఎప్పుడో తెగిపోయింది. సరే, ఒప్పుకుందాం. మొత్తం హద్దు మనసులోంచి తీసేద్దాం. అప్పుడు మిగిలేది ఇరుసుల హద్దే కదా? మరి ఆ ఇరుసు మీద ఎంతుందో తూయకుండా ఎలా తెలిసింది? స్టిక్కర్‌ని నమ్మను, కాటాకీ వెళ్లను అంటే ఇక మిగిలేది ధైర్యం ఒక్కటే.

ఇంకో వాదన ఎయిర్‌బ్యాగులది. ప్రమాదంలో తెరుచుకునేవి కాదు, వెనక స్ప్రింగుల దగ్గర పెట్టి గాలి నింపేవి. బండి వెనక కుంగితే ఇవి పైకి లేపుతాయి. ఊగడం కూడా తగ్గుతుంది, కాదనను. కానీ బండి సమంగా నిలబడింది కాబట్టి బరువు సరిపోయింది అనుకోవడం మాత్రం ఘోరం. వెనక ఇరుసు మీద 3,015 ఉంటే బ్యాగులు పెట్టాక కూడా 3,015 పైనే. ఇరుసుకి, బేరింగులకి, టైర్లకి ఒక్క కిలో తగ్గదు. కుంగిన బండి కనీసం కంటికి కనిపించేది. బ్యాగులు ఆ ఒక్క హెచ్చరికనీ దాచేస్తాయి.

ఎక్కువగా మాట్లాడాల్సింది టైర్ల గురించి. వెనక ఇరుసు హద్దు 2,900 అని ఎందుకు అనుకున్నానంటే, టైరు మీద లోడ్ ఇండెక్స్ 121 అని ఉంటే ఒక్కోటి 1,450 కిలోలు మోస్తుంది, రెండింటికి 2,900. అది కూడా చెప్పినంత గాలి ఉన్నప్పుడే. ఈ హద్దు దగ్గర టైరు వెంటనే పగలదు, వేడెక్కుతుంది. బరువు ఎక్కువై, గాలి తక్కువైతే పక్క గోడలు ప్రతి చుట్టుకీ ఎక్కువ వంగుతాయి. ఆ వంగడంలో శక్తి వేడిగా మారుతుంది, లోపలి పొరలు విడిపోవడం మొదలవుతుంది. ఎండాకాలం, ఎడారి రోడ్డు, గంటకి నూటపది కిలోమీటర్లు, నాలుగు గంటలు. టైర్ల విషయంలో నిర్లక్ష్యం ఎంత దూరం పోతుందో 2000లో ఫైర్‌స్టోన్ ఉదంతం చూపించింది. ఆగస్టులో 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచారు. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ లాంటి ఎస్‌యూవీల టైర్ల పొరలు ఊడి జరిగిన ప్రమాదాల్లో అమెరికాలో 270 మందికి పైగా చనిపోయారు. అది క్యాంపర్ కథ కాదు, అందులో టైరు లోపం ఉంది, తక్కువ గాలి ఉంది, వేడి ఉంది, బరువుంది. ఆ తర్వాత వచ్చిన ట్రెడ్ చట్టం వల్లే ఇవాళ అక్కడి కార్లలో టైరు గాలి తగ్గితే లైటు వెలుగుతోంది. బరువు ఎక్కువైతే వెలగాలన్న రూలు మాత్రం రాలేదు.

కాటా మీద నా నమ్మకానికి ఒక హద్దు ఉంది, అదీ చెప్పాలి. ఇరుసు తూకం కూడా అన్నీ చెప్పదు. మొదటి సందర్భంలో వెనక ఇరుసు 2,838, అంటే టైరుకి 1,419, హద్దు 1,450. ముప్ఫై ఒక్క కిలోల తేడాతో పాసయ్యాం. కానీ వంటగట్టు, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు ఒకే వైపు ఉన్న ఇల్లయితే? ఒక వైపు ఐదు శాతం ఎక్కువ పడితే చాలు, ఆ టైరు మీద 1,490. చీటీ పాస్ అన్న బండిలో ఒక టైరు ఫెయిల్. దానికి చక్రం చక్రానికీ విడిగా తూచే స్కేళ్లు కావాలి. అవి ట్రక్ స్టాపుల్లో మామూలుగా ఉండవు. ఇక గరిమనాభి ఎంత ఎత్తులో ఉందన్నది చదునుగా నిలబెట్టి తూస్తే ఎప్పటికీ తెలియదు, మలుపులో బండి పడుతుందా లేదా అన్నది దాని మీదే ఆధారపడినా సరే. అందుకే చీటీలో అంకె హద్దుకి దగ్గరగా వస్తే పాసయ్యాం అనుకోకూడదు, సామాను దించాలి. ముందు దించాల్సింది నీళ్లు. వెళ్లిన చోట నింపుకోవచ్చు. స్టెయిన్‌బెక్ అయితే పుస్తకాలు దించాలి, మన క్లబ్ వాళ్లు నన్ను క్షమించాలి.

అమ్మినవాడే చీటీ ఇవ్వాలని ఎందుకన్నానంటే, షోరూములో ట్రక్కు మీదకి క్యాంపర్ ఎక్కించి బిగించేది వాళ్లే. కొనేవాడికి ఆ రోజు కాటా ఎక్కడుందో కూడా తెలియకపోవచ్చు. వేల డాలర్ల బేరంలో పదిహేను డాలర్ల తూకం ఎవరికీ భారం కాదు. నీళ్ల ట్యాంకు నింపి తూచి, ముందు ఇరుసు ఇంత, వెనక ఇరుసు ఇంత, మీ సామానుకి, మనుషులకి మిగిలింది ఇంత అని మూడు అంకెలు రాసి తాళాలతో పాటు ఇవ్వాలి. అలా చేస్తే కొన్ని బేరాలు అక్కడికక్కడే పోతాయంటారు. పోతాయి. మూడో అంకె మైనస్‌లో ఉన్న బేరాలు పోతాయి.